వ్రాతప్రతుల సూచికలలో స్త్రీలు — ఒక పరిశీలనము

వ్రాతప్రతుల సూచికను ఆద్యంతము చదువువారు అరుదు. పరిశోధకుడు తనకు వలసిన ప్రతిసంఖ్యకై దానిని తెఱచును. సంఖ్య దొరకగానే మూసివేయును. పీఠికలను, పాఠభేదములను, కాలనిర్ణయములను నిశితముగా పరీక్షించు పండితులు సైతము సూచికను విమర్శకు తగిన రచనగా ఎంచినట్లు కానరాదు. కాని ఆలోచించి చూచినచో ఏ కృతినిగూర్చియైనను మొదటి తీర్పు సూచికలోనే వెలువడుచున్నది. కృతికి పేరు నిలుపునవి, దానిని ఒక వర్గమున చేర్చునవి, కర్త యెవరో చెప్పునవి లేదా తెలియదనునవి, ఇది చూడదగినది, ఇది సామాన్యము అని తెలుపునవి ఆ రెండు మూడు పంక్తులే. తరువాత వచ్చు విమర్శకుడు ఆ పంక్తులు చూపిన త్రోవనే నడచును. అవి చూపని త్రోవ యొకటి యున్నదని యాతనికి తెలియదు.

స్త్రీల చరిత్రకు వ్రాతమూలమగు ఆధారములు లేవను మాట మన విద్యాలయములలో తఱచుగా వినబడుచుండును. ఆ మాట ఎంతవరకు నిజమో, ఎంతవరకు మన సూచికల లోపమో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందుకై తెలుగునాట సుప్రసిద్ధములైన కొన్ని ఉదాహరణములను, వాని వెనుక ఎవరును ఎఱుగని ఒక ఉదాహరణమును గైకొందును. ఆ చివరిది నా స్వగ్రామమగు మందమర్రిలోనిది. అందు కనుపించు దోషము నాది.

1. సూచికయొక్క స్వరూపము

కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాపథమున సేకరించిన వ్రాతప్రతులు, కైఫియతులు, శాసనముల నకళ్లు మన సూచికారచనకు తొలి సామగ్రి యైనవి. ఆ సేకరణమున కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు చేసిన కృషి విద్వాంసులకు విదితమే. మెకంజీ 1821లో మరణింపగా, విల్సను పండితుడు ఆ సంచయమునకు వివరణసూచికను 1828లో ప్రకటించెను. 1869లో వెలసిన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారము, 1911లో వెలసిన ఆంధ్రసాహిత్య పరిషత్తు, తంజావూరి సరస్వతీమహలు, హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారము ఆ పనిని కొనసాగించినవి. కేంద్రప్రభుత్వము 2003లో వ్రాతప్రతుల పరిరక్షణకై జాతీయస్థాయి సంస్థ నేర్పఱచి దేశమందలి ప్రతుల వివరములను ఒకే పద్ధతిని నమోదు చేయించుటకు పూనుకొన్నది. చెదలకును, చెమ్మకును ఆహుతి కావలసిన వేలకొలది తాళపత్రములు ఇట్టి కృషివలన మనకు దక్కినవి. నేను చేయు విమర్శ ఆ ఋణమును మఱచి చేయునది కాదు.

సూచికలో సామాన్యముగా కనుపించు అంశములివి: గ్రంథనామము, కర్త, విషయము, భాష, లిపి, ఆకుల సంఖ్య, పుటకు పంక్తుల సంఖ్య, సమగ్రమో అసమగ్రమో, ప్రతియొక్క స్థితి, ఆద్యంతములందలి పద్యములు, విశేషములు. ఈ పట్టిక శాస్త్రగ్రంథములకును, కర్త పేరు సుస్పష్టముగా నున్న ప్రబంధములకును చక్కగా సరిపోవును. కాని ఒక వ్రాతప్రతితో స్త్రీకి గల సంబంధము కర్తృత్వ మొక్కటియే కాదు. ఆమె కృతిని చెప్పించి యుండవచ్చును. అంకితము పుచ్చుకొని యుండవచ్చును. ప్రతిని స్వహస్తముతో వ్రాసికొనియో, ధనమిచ్చి వ్రాయించుకొనియో యుండవచ్చును. పుట్టినింటినుండి మెట్టినింటికి పెట్టెలో పెట్టుకొని వచ్చి దాచి యుండవచ్చును. నిత్యపారాయణమునకు వాడి యుండవచ్చును. ఈ సంబంధములలో మొదటిదానికే పట్టికలో నిలుకడయైన చోటున్నది. తక్కినవి "విశేషములు" అను గడిలో, సూచికాకర్తకు తోచినచో, చేరును. తోచనిచో లేదు.

శాసనములతో పోల్చి చూచినచో ఈ భేదము తేటపడును. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెఱువు త్రవ్వించి శాసనము వేయించినది. కాకతీయుల తొలి వంశక్రమము తెలిసికొనుటకు ఆ శాసనము ముఖ్యాధారము. గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక వేయించిన 1276 నాటి బూదపుర శాసనము అట్టిదే. వీరి పేర్లు చరిత్రకెక్కుటకు కారణ మేమి? శాసనపరిశోధకుని పట్టికలో దాత పేరునకు తప్పనిసరిగా ఒక గడి యున్నది. దాత పురుషుడైనను స్త్రీ యైనను ఆ గడి నిండక తప్పదు. వ్రాతప్రతిని వ్రాయించిన స్త్రీకి అట్టి గడి లేదు. కావున ఆమె పేరు ఆకులోనే యుండిపోయినది.

2. అవతారిక విలువ: ముద్దుపళని

విడిచివేయబడినది ఎట్టిదో తెలియుటకు ముద్దుపళని "రాధికాసాంత్వనము" కంటె మంచి ఉదాహరణము లేదు. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున 18వ శతాబ్దిని వెలసిన ఈ కృతికి "ఇళాదేవీయము" అని నామాంతరము. 1887లో పైడిపాటి వేంకటనరసుగారు దీనిని ప్రకటించిరి. అందు కొన్ని పద్యములతో పాటు అవతారికయు లోపించినది. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ ముద్రణమును చదివి, పిమ్మట వ్రాతప్రతిని సంపాదించి రెంటిని సరిచూచి, లోపములను గుర్తించి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రముగా ప్రకటింపజేసిరి. 1911లో ప్రభుత్వము అశ్లీలమని ఆ ప్రతులను స్వాధీనము చేసికొన్నది. టంగుటూరి ప్రకాశముగారు మద్రాసు రాష్ట్రమున ప్రధానిగా నున్న కాలమున నిషేధము తొలగుటకు మార్గ మేర్పడి, 1952లో గ్రంథము మఱల వెలువడినది.

ఈ కథను మనము నిషేధముయొక్క కథగా చెప్పుకొనుటకు అలవాటుపడినాము. కందుకూరి వీరేశలింగముగారి ఆక్షేపణమును, వారే "వైజయంతీవిలాసము"ను పరిష్కరించి ప్రకటించిన సంగతిని చూపి నాగరత్నమ్మగారు ఇచ్చిన సమాధానమును తరగతిగదులలో ఉత్సాహముతో వివరింతుము. కాని నా దృష్టిలో 1911 నాటి నిషేధము కంటె 1887 నాటి లోపము ఎక్కువ ఆలోచింపదగినది. శృంగారపద్యములను తొలగించినవానికి ఆనాటి సదాచారము ఒక కారణముగా చెప్పవచ్చును. ఆ కారణము మనకు నచ్చకపోవచ్చును గాని అర్థమగును. అవతారికయందు అట్టి శృంగార మేమియు లేదు. అందున్నది కవయిత్రి తన్నుగూర్చి చెప్పుకొన్న మాట. తన అవ్వయగు తంజనాయకి మొదలుగా తన కులమందలి స్త్రీల విద్వత్తును, రసికతను ఆమె కొనియాడినది. తాను పండితులను సత్కరించితినని, కృతులు తనకు అంకితమైనవని సగర్వముగా చెప్పుకొన్నది. పురుషకవి అవతారికలో తండ్రితాతలను చెప్పుకొను చోట ఈమె అవ్వను చెప్పుకొన్నది. తెలుగు ప్రబంధమున స్త్రీలనుండి స్త్రీకి సంక్రమించిన విద్యాపరంపరకు ఇంత స్పష్టమైన వ్రాతసాక్ష్యము అరుదు.

ఆ భాగమును విడుచుటకు కారణము నిర్ధారణముగా చెప్పలేము. అనావశ్యక మని తోచియుండునని ఊహింపవచ్చును. కథకు అవతారిక అవసరము లేదు. ఒక భోగస్త్రీ వంశవర్ణనము పాఠకునకు ఏల యను తలంపు కలిగి యుండును. 1887 నాటి ముద్రణమును మాత్రము చూచి ఒకడు సూచికాపత్రము వ్రాసినాడనుకొందము: గ్రంథము రాధికాసాంత్వనము, కర్త ముద్దుపళని, విషయము శృంగారము, ఆశ్వాసములు నాలుగు. ఇందు అసత్య మొక్కటియు లేదు. ఐనను ఆ కృతివలన స్త్రీచరిత్రకు కలుగవలసిన ముఖ్యప్రయోజనము ఇందు పూర్తిగా పోయినది. నిషేధించినవాడు దాచుచున్నానని ఎఱిగియే దాచును. అతని వెనుక ఒక ఉత్తరువు మిగులును. దానిని ఒకనాడు రద్దు చేయవచ్చును. అనావశ్యకమని విడిచినవాని వెనుక ఏమియు మిగులదు. నాగరత్నమ్మగారివంటి పాఠకురాలు వ్రాతప్రతిని చేతబట్టి సరిచూచువఱకు ఆ లోపము లోపమని కూడ తెలియదు.

3. వినయవాక్యములు: మొల్ల, వెంగమాంబ

విడిచివేయుట ఒక దోషము కాగా, ఉన్నదానిని తప్పుగా చదువుట మఱియొక దోషము. మొల్ల తన రామాయణపీఠికలో తాను కావ్యలక్షణముల నెఱుగనని, శ్రీకంఠమల్లేశుని వరమున కవిత్వము చెప్పుచున్నానని విన్నవించినది. తరిగొండ వెంగమాంబయు తాను చదువులు నేర్చినదానను కానని, దైవమే తనచే పలికించెనని చెప్పుకొన్నది. ఈ మాటలు కవయిత్రుల జీవితవిషయముగా సంగ్రహింపబడి, "శాస్త్రపాండిత్యము లేనిది" అని యొక్క వాక్యమై, ఒక గ్రంథమునుండి మఱియొక గ్రంథమునకు ప్రాకినవి.

మొల్ల వాక్యమును కొంచెము నిలిచి చదువవలెను. తాను ఎఱుగనని ఆమె చెప్పు శాస్త్రాంశముల పట్టిక సామాన్యురాలు చెప్పగలిగినది కాదు. సంధులు, సమాసములు, అలంకారములు, ఛందోభేదములు అన్నియు పేరుపేరున అందున్నవి. అవి యన్నియు యతిప్రాసలు తప్పని పద్యములో ఇమిడియున్నవి. ఎఱుగనని చెప్పుటలోనే ఎఱుకను చూపుట కవులలో చిరకాలముగా నున్న మర్యాద. పోతనయు తాను పలుకువాడను కానని, పలికించువాడు రామభద్రుడని చెప్పెను. దానినిబట్టి ఆయనకు చదువు లేదని ఎవరును సిద్ధాంతీకరింపలేదు. "సహజపండితుడు" అను మాట ఆయనకు బిరుదైనది. ఒకే విధమగు వినయము ఒకచోట బిరుదునకును, మఱియొకచోట కొఱతకును ఆధారమైనచో, భేదము వాక్యములో లేదు, చదువరిలో నున్నది. సూచికాకర్త ఇట్టి తావుల కవయిత్రి మాటను ఆమె మాటగా ఎత్తి వ్రాయవలెను గాని, దానిని సారాంశముగా మార్చి తన తీర్పుగా వ్రాయరాదు.

4. కట్టలోని పొత్తము: గంగాదేవి

కట్టను విప్పి చూడనిచో కలుగు నష్టమునకు "మధురావిజయము" సాక్షి. విజయనగర రాజకుమారుడగు కంపరాయల దేవి గంగాదేవి 14వ శతాబ్దమున సంస్కృతమున రచించిన ఈ కావ్యము భర్తయొక్క మధురా జైత్రయాత్రకు ఇంచుమించుగా కన్నుల చూచిన సాక్ష్యము. ఆమె కావ్యారంభమున తిక్కనను స్తుతించుట మనకు గర్వకారణము. ఈ కావ్యముయొక్క తాళపత్రప్రతి తిరువనంతపురమున, సంబంధము లేని వేఱు రెండు గ్రంథముల నడుమ, ఒకే కట్టలో దొరకినది, 1916లో అచ్చుపడినది. అది శిథిలప్రతి, పెక్కు శ్లోకములు ఖండితములు. ఆ కట్టను పైయాకు చూచి "ఫలానా గ్రంథము" అని నమోదు చేసి కట్టివేసియుండినచో విజయనగరచరిత్రకు ఒక ముఖ్యాధారమును, స్త్రీరచనకు ఒక మహోదాహరణమును మనము ఎఱుగకయే యుందుము.

ఇట్టి అదృష్టము గ్రంథమునకు రాజవంశసంబంధము ఉన్నందువలన కొంత కలిగినది. రాజు పేరు, యుద్ధము పేరు కనబడినచో పరిశోధకుడు ఆగును. ఆ పేర్లు లేని ఆకులముందు ఎవరాగుదురు? ఈ ప్రశ్న నన్ను మందమర్రికి తీసికొని పోవుచున్నది.

5. మందమర్రి పద్దుపుస్తకము

మందమర్రి పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016నుండి మంచిర్యాల జిల్లాలో చేరినది. సింగరేణి బొగ్గుగనులవలన పల్లె పట్టణమైనది. చెన్నూరు, మంథని, పెద్దపల్లి, జగిత్యాల ప్రాంతముల పల్లెలనుండి కుటుంబములు పనికై వచ్చి కాలనీలలో నిలిచినవి. ఇచ్చట తాళపత్రభాండాగారములు లేవు. అందుచే మా ప్రాంతమున వ్రాతప్రతులు లేవని నేను చాలకాలము నమ్మితిని.

పరిశోధకవిద్యార్థిగా నుండినపుడు, ఇంచుమించు ఇరువదియేండ్ల క్రిందట, ఉత్తర తెలంగాణమున ఇండ్లలో నున్న పాత వ్రాతపుస్తకములకు పత్రములు వ్రాయు పని కొంతకాలము చేసితిని. అపుడు మందమర్రిలో ఒక గనికార్మికుని ఇంట ఒక పొడుగాటి పద్దుపుస్తకము దొరకినది. అందు కొన్ని పుటలలో ఆ కార్మికుని మస్టర్లు, నాగాలు, దుకాణములోని ఉద్దెర లెక్కలు ఉన్నవి. తక్కిన పుటలలో బతుకమ్మపాటలు, జోలపాటలు, పెండ్లిపాటలు, నడుమ నడుమ పిల్లలు పుట్టిన తేదీలు, ఒకటి రెండు నాటువైద్యములు ఉన్నవి. నేను ఆనాడు వ్రాసిన పత్రము ఇది: శీర్షిక లేదు. కర్త తెలియదు. విషయము బతుకమ్మపాటలు, ఇతరములు. స్వామి పేరు చోట కార్మికుని పేరు వ్రాసితిని. విశేషములు లేవు. ఆ పని పావుగంటలో ముగిసినది.

మూడేండ్ల క్రిందట ఆ యింటికి మఱల పోవలసి వచ్చినది. కార్మికుడును, అతని భార్యయు అప్పటికి కాలము చేసియుండిరి. కుమార్తె పుస్తకమును దాచియుంచినది. ఆమె పుటలు త్రిప్పుచు, ప్రతి పాటకు ప్రక్కన చిన్నయక్షరములతో నున్న మాటలను చూపినది. "మంథని వదినె", "పెద్దత్త", "జగిత్యాలామె, మూడో లైను", "మా అవ్వ" అని యిట్లు ఆ మాటలు ఉన్నవి. "ఇవి ఏమి?" అని అడుగగా ఆమె యిచ్చిన సమాధానమును ఆమె మాటలలోనే వ్రాయుచున్నాను: "మా అమ్మ మూడో తరగతిదాంకనే సదివింది సారు. పాట ఎవరికాడ నేర్సుకుంటె వాళ్ళ పేరు రాసుకునేది. మంది పాటను నా పాటంటె పాపం తలుగుతదనేది. మీరు అప్పుడు అచ్చినప్పుడు గూడ గివి ఉన్నయి."

ఆ చివరిమాటకు నాయొద్ద సమాధానము లేకపోయినది. ఆ యక్షరములను నేను మొదట చూడకపోలేదు. చూచి, అనావశ్యకములని విడిచితిని. వేంకటనరసుగారి ముద్రణమున అవతారిక లోపించుటనుగూర్చి నేను విద్యార్థులకు పదునైదేండ్లుగా పాఠము చెప్పుచున్నాను. తంజావూరి కవయిత్రి తన విద్యకు మూలముగా అవ్వను పేర్కొన్నది; మందమర్రి గృహిణి తన పాటకు మూలముగా అవ్వను, అత్తను, వదినెను పేర్కొన్నది. కాలము, స్థితి, విద్య వేఱైనను చేసిన పని ఒకటే. సంపాదకుడు 1887లో చేసినదానిని నేనును చేసితిని. ఆయనకు నాగరత్నమ్మగారివంటి దిద్దరి దొరకెను. నాకు దొరకినది ఒక కార్మికుని కూతురు. ఆమె దిద్దవలసి వచ్చుట నాకు సిగ్గుచేటు.

ఇక ఆ మాటల విలువను విచారింతము. సొంతయూరిలో పాట ఎవరినుండి వచ్చినదో వ్రాసికొన నవసరము లేదు, అందఱును ఎఱుగుదురు. పలుప్రాంతముల స్త్రీలు ఒకే కాలనీలో బతుకమ్మ చుట్టు చేరినపుడు ఒక్కొక్కరి పాట ఒక్కొక్క తీరున నుండెను. అపుడు వినుట, పోల్చుట, వ్రాసికొనుట, మూలము చెప్పుట అవసరములైనవి. ఈ పుస్తకము వలసచే పుట్టిన వ్రాత. పాటల ప్రక్కన నున్న ఊరిపేర్లను వరుసగా పేర్చినచో ఆ కాలనీకి ఏయే ప్రాంతములనుండి కుటుంబములు వచ్చినవో కొంతవఱకు తెలియును. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనిలో నియమించుటను నిషేధించినది. 2019లో కేంద్రప్రభుత్వము కొన్ని నియమములతో దానిని సడలించినది. కావున ఆ నడిమికాలమున గనిలోనికి దిగినవారి హాజరుపట్టీలలో స్త్రీలకొఱకు వెదకుట వ్యర్థము. గనిపట్టణమునందలి స్త్రీలచరిత్ర ఉద్యోగుల దస్తరములలో అంతగా లేదు. ఇట్టి పద్దుపుస్తకముల అంచులలో ఉన్నది. కర్త తెలియదని నేను వ్రాసిన చోట ఒక సంకలనకర్త్రి పేరు, ఆమె వెనుక ఒక పరంపర ఉండవలసినవి. స్వామి యని నేను వ్రాసిన పేరు, పుస్తకపు అట్టపై నున్న మాట నిజమే గాని, లోపలి వ్రాతతో ఆయనకు గల సంబంధము మస్టర్ల లెక్క మాత్రమే.

6. చేయదగిన పని

ఇట్టి లోపము మనదేశమునకే పరిమితము కాదు. ఆండ్రియా హిండింగ్ సంపాదకత్వమున 1979లో వెలువడిన మార్గదర్శినిలో అమెరికాలోని భాండాగారములనుండి స్త్రీచరిత్రకు సంబంధించిన 18,000కు పైగా సంచయములు పేర్కొనబడినవి. అవి క్రొత్తగా త్రవ్వి తీసినవి కావు. అధికభాగము పూర్వమే భాండాగారములలో నుండి, కుటుంబముల పేర, పురుషుల పేర అణగియున్నవి. మన దేశమున 1988లో ముంబయిలో ఏర్పడిన "స్పారో" సంస్థ స్త్రీల జీవితములకు సంబంధించిన ధ్వనిముద్రణములను, చిత్రములను, వ్రాతలను సేకరించుచున్నది. తెలుగున భండారు అచ్చమాంబగారి "అబలాసచ్చరిత్ర రత్నమాల" 1901లోను, ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారి "ఆంధ్ర కవయిత్రులు" 1953లోను త్రోవ చూపినవి. 1955లో కృష్ణశ్రీగారి సంపాదకత్వమున "స్త్రీల రామాయణపు పాటలు" వెలువడినవి. స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ప్రకటించిన "మనకు తెలియని మన చరిత్ర" తెలంగాణ పోరాటమున పాల్గొన్న స్త్రీలమాటలను వారినోటనే వినిపించినది. సూచికలు మాత్రము ఈ కృషికి తగినట్లు మాఱలేదు.

నా ప్రతిపాదనలు స్వల్పములు. అవతారికను, ఆశ్వాసాంతగద్యను, ప్రతి చివర వ్రాయసకాడు చెప్పుకొన్న మాటను సంగ్రహింపక పూర్తిగా ఎత్తి వ్రాయవలెను. ప్రతిలో కనుపించు ప్రతి స్త్రీనామమును, ఆమె కర్త్రియైనను, కృతిని అందుకొన్నదైనను, వ్రాసినదైనను, వ్రాయించినదైనను, దాచినదైనను, ఆ సంబంధముతో సహా నామానుక్రమణికలో చేర్చవలెను. పాటల పుస్తకములకు "ఎవరివలన వచ్చినది" అను గడి ఒకటి యుండవలెను. పాటలన్నిటిని "ప్రకీర్ణము"లో పడవేయక, పండుగ, సందర్భము, ఊరు తెలుపవలెను. కట్టయందలి వేర్వేఱు గ్రంథములను విడివిడిగా పేర్కొనుచునే, అవి ఒకే కట్టలో నుండిన సంగతిని కూడ నమోదు చేయవలెను.

ఇందుకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది కాలము చాలదనుట. వేలకొలది ప్రతులు చెడిపోవుచుండగా ఒక్కొక్క దానిపై దినములు గడపుట సాధ్యము కాదనుట సత్యమే. కాని నేను విడిచిన అంచుమాటలను ఎత్తి వ్రాయుటకు పట్టెడి కాలము మఱియొక పావుగంట. రెండవది స్త్రీనామము కనబడినచోటనెల్ల కర్తృత్వము నంటగట్టు ప్రమాదము. ఈ ఆక్షేపణ బలమైనది. అట్టపై నున్న అమ్మపేరు స్వామినిదో, కర్త్రిదో, ఎవరికో కానుకగా ఇచ్చినప్పటిదో ఆధారము లేక నిర్ణయింపరాదు. ఉత్సాహముచే చేసిన తప్పు ఉదాసీనతచే చేసిన తప్పుకంటె మంచిది కాదు. అందుచేతనే సంబంధమును తెలుపుమంటిని గాని కర్తృత్వమును కల్పింపుమనలేదు. స్త్రీలకు వేఱుగా సూచిక వేయుమనుటయు నా యభిమతము కాదు. వేఱు చేసినచో సామాన్యసూచిక యథాపూర్వముగా నుండిపోవును.

వీటన్నిటికంటె చిన్నది, నా అనుభవమువలన నాకు ముఖ్యముగా తోచినది మఱియొకటి కలదు. "విశేషములు" అను గడిలో "లేవు" అని వ్రాయుటకును, "పరిశీలింపలేదు" అని వ్రాయుటకును చాల భేదమున్నది. మొదటిది ప్రతినిగూర్చిన తీర్పు. రెండవది సూచికాకర్తనుగూర్చిన నిజము. మొదటిమాట చదివిన పరిశోధకుడు ఆ ప్రతిని మఱల తెఱవడు. రెండవమాట చదివినవాడు తెఱచును. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో "గోలకొండ కవుల సంచిక"ను వెలువరించి 354 కవులను చూపిరి. వెదకనివాడు చెప్పిన "లేరు" అను మాటకు విలువ యెంతయో ఆ సంచిక మనకు నేర్పినది. ఆ పాఠమును నేర్చిన ప్రాంతపువారమై స్త్రీలవిషయమున అదే మాటను మనము చెప్పరాదు.

పరిశోధకవిద్యార్థులకు నా మనవి ఒక్కటి. వ్రాతప్రతులకై భాండాగారములకు తప్పక పొండు. కాని వేసవిసెలవులకు మీ యిండ్లకు పోయినపుడు అటుకమీది పెట్టెలను, పాత పద్దుపుస్తకములను ఒకమాఱు చూడుడు. పాటల ప్రక్కన చిన్నయక్షరములున్నచో, వానిని వ్రాసినవారు బ్రతికియుండగనే అడుగుడు. మందమర్రి పుస్తకపు పత్రమును నేను మఱల వ్రాసితిని. కర్త యను గడిలో "సంకలనము: గృహిణి, పేరు కుమార్తె చెప్పినది" అని, దాని క్రింద పదునొకండుగురు స్త్రీలను, వారి పేర్లో, సంబంధములో, ఊళ్లో పుస్తకమున నున్నవి ఉన్నట్లుగా చేర్చితిని. అందు నలుగురు ఎవరో కుమార్తెకును తెలియదు. వారికి ఎదురుగా "ఇంకను విచారింపవలెను" అని వ్రాసితిని.